బెండుపద్యానికి ‘గుళిక’ వ్యాఖ్య

అవతారిక

మెదక్ సీమలోని కొల్చారంవాడైన మల్లినాథసూరి వ్యాఖ్యానానికి కూర్చునే ముందు రెండు మాటలిచ్చాడు. మూలంలో ఆధారం లేనిదేదీ రాయనన్నాడు. అక్కర్లేనిదేదీ చెప్పనన్నాడు. మొదటి మాటకు ఈ వ్యాఖ్యాత కూడా కట్టుబడి ఉంటాడు. రెండో మాటను మల్లినాథుడికే వదిలేస్తున్నాడు. ఆ మహానుభావుడు రఘువంశ వ్యాఖ్యకు సంజీవని అనీ, కిరాతార్జునీయ వ్యాఖ్యకు ఘంటాపథమనీ, మాఘానికి సర్వంకష అనీ పేర్లు పెట్టుకున్నాడు. పేరు లేని వ్యాఖ్యను పండితులు ముట్టరు కాబట్టి దీనికి ‘గుళిక’ అని పేరు. కారణం పోనుపోను తెలుస్తుంది.

వ్యాఖ్యానానికి ఎత్తుకున్నది ఒక ఆటవెలది. స్థలం ఉత్తర అమెరికా, అందునా టెక్సాస్, మిసిసిపీ, టెన్నెసీ రాష్ట్రాల చెరువులు. పాత్ర క్రాపీ అనే చేప. విషయం, బెండు కింద చిన్న జిగ్గు వేలాడదీసి మధ్యలో అదనపు బరువు చేర్చడం. పద్యమూ వ్యాఖ్యాతదే. మూలకర్తా వ్యాఖ్యాతా ఒక్కరే అయినప్పుడు అభిప్రాయభేదాలు ఉండవనుకునేవారు పాఠాంతరాల దగ్గరికి వచ్చేదాకా ఓపిక పట్టాలి.

చేపలు పట్టడం శాస్త్రచర్చకు తగిన విషయమేనా అని కొందరు ముక్కు విరుస్తారు. కల్యాణి చాళుక్య చక్రవర్తి మూడో సోమేశ్వరుడు 12వ శతాబ్దిలో సంస్కృతంలో మానసోల్లాసం రాస్తూ, రాజులకు తగిన వినోదాలలో మత్స్యవినోదాన్ని చేర్చాడు. అందులో చేపల జాతులు, వాటికి వేసే మేత, గాలం వేసే పద్ధతి అన్నీ ఉన్నాయి. చక్రవర్తికి చిన్నతనం కానిది మనకెందుకవుతుంది?

మూలం

బెండు పైన నుండ బిగిసి నడుమ సీస
గుళిక, దిగువ జిగ్గు కులుకుచుండ
మునిగెనేని యెత్తు, మునుగకుండిన నోర్చు
కొనుము, మీన మొకటె గురువు నీకు.

ప్రతిపదార్థం

బెండు = దారానికి కట్టి నీటిమీద తేలవేసే తేలిక వస్తువు; పైనన్ ఉండన్ = నీటి పైభాగాన ఉండగా; నడుమ = బెండుకూ జిగ్గుకూ మధ్య; సీసగుళిక = చీలిక పెట్టిన సీసపు పూస; బిగిసి = దారాన్ని గట్టిగా పట్టుకొని (ఉండగా అని చెప్పుకోవాలి); దిగువ = ఆ గుళికకు కింద; జిగ్గు = తలకు సీసం పోతపోసి, ఒంటికి ఈకో రబ్బరు తోకో తొడిగిన గాలపు ముల్లు; కులుకుచుండన్ = ఒయ్యారంగా కదులుతూ ఉండగా; మునిగెనేని = బెండు మునిగితే; ఎత్తు = కర్రను పైకి ఎత్తు; మునుగకుండినన్ = మునగకపోతే; ఓర్చుకొనుము = సహించు; మీనము ఒకటె = చేప ఒక్కటే; నీకు గురువు = నీకు నేర్పేది.

టీక

‘బెండు’. దుకాణంలో దొరికే ఎరుపు తెలుపు ప్లాస్టిక్ గుండు అందరికీ తెలిసిన బెండు. అంగుళం వ్యాసమున్న గుండును నీటిలోకి పూర్తిగా తొక్కితే ఎనిమిదిన్నర ఘన సెంటీమీటర్ల నీళ్లను పక్కకు నెడుతుంది, అంటే ఎనిమిదిన్నర గ్రాముల పైకి తోపు. దాని సొంత బరువు పోగా ఇంకో అయిదు గ్రాములైనా అవలీలగా మోస్తుంది. దీని కింద మనం వేలాడదీసేది ఎంత?

ఇక్కడ జిగ్గుల తూకం తెలియాలి. అమెరికావాళ్లు వీటిని ఔన్సులో భాగాలుగా కొలుస్తారు: పదహారో వంతు, ముప్పైరెండో వంతు, అరవైనాలుగో వంతు. ఈ లెక్క వినగానే ఇప్పటి పిల్లలు కాలిక్యులేటర్ తీస్తారు గానీ, పాత రూపాయి ఎరిగినవారికి ఇది నోటి లెక్క. ఔన్సును రూపాయి అనుకుంటే మొదటిది అణా జిగ్గు, రెండోది అర్ధణా జిగ్గు, మూడోది కానీ జిగ్గు. గ్రాములలో సుమారు 1.8, 0.9, 0.45. క్రాపీలకు ఎక్కువగా వాడేవి ఈ మూడే. మన పద్యంలోని జిగ్గు అర్ధణా జిగ్గని సంప్రదాయం. ఆ సంప్రదాయాన్ని ఇప్పుడే మొదలుపెట్టాం.

అయిదు గ్రాములు మోయగల బెండు కింద ఒక గ్రాము కూడా లేని జిగ్గు. మిగతా నాలుగు గ్రాముల పైచిలుకు తోపును ఎవరు ఓడించాలి? చేప ఓడించాలి. క్రాపీ ఎరను కొరికి లాక్కుపోయే రకం కాదు. దగ్గరికి వచ్చి నోరు తెరిచి నీటితోపాటు లోపలికి పీల్చుకుంటుంది. అలా పీల్చుకున్న ఈకముక్క వెనక ఏదో బరువు గుంజుతున్నట్టు తోచిందా, వచ్చిన దారినే బయటికి ఊదేస్తుంది. గట్టుమీద కూర్చున్నవాడికి బెండు ఒకసారి ‘టిక్కు’మన్నట్టు కనబడుతుంది. ‘చిన్నచేపలేవో కెలుకుతున్నాయి’ అనుకుంటాడు. చాలాసార్లు అవి చిన్నచేపలు కావు.

‘సీసగుళిక’. పద్యానికి ఆయువుపట్టు ఇదే. వ్యాఖ్యకు దీని పేరే పెట్టడం ఇందుకే. మిరియపుగింజంత సీసపుపూస, దానికో చీలిక. దారాన్ని చీలికలో పెట్టి నొక్కితే పట్టుకుంటుంది. దీన్ని వేసేది జిగ్గును ముంచడానికని లోకం అనుకుంటుంది. సగమే నిజం. జిగ్గు తనంతట తానే మునుగుతుంది, కాకపోతే తీరిగ్గా మునుగుతుంది. గుళిక అసలు పని బెండును ముంచడం, మునిగీ మునగని చోట నిలబెట్టడం. ఇంకొక్క రవ్వ బరువు పడితే మునిగిపోయే స్థితిలో బెండును ఉంచితే, ఆ రవ్వను చేప తెస్తుంది. అప్పుడు బెండు మునగడానికి చేప చేయవలసిన శ్రమ ఏమీ మిగలదు, అనుమానించడానికి కారణమూ మిగలదు.

ఇది ఈ వ్యాఖ్యాత కల్పన కాదు. ఇంగ్లండులో 1496లో అచ్చయిన గాలపువేట గ్రంథం ఒకటుంది. జూలియానా బర్నర్స్ అనే సన్యాసిని పేరున చలామణీ అవుతోంది గానీ కర్తృత్వం మీద పండితులకు సందేహాలున్నాయి. చేప రవ్వంత గుంజినా బెండు నీటిలోకి పోయేంతగా సీసం కట్టాలని అందులో స్పష్టంగా ఉంది. అయిదు శతాబ్దాల కింద అచ్చులో చెప్పిన సంగతిని ఇప్పటికీ సగంమంది గాలగాళ్లు పాటించరు. ఎర రంగు మారుస్తారు, చెరువు మారుస్తారు, చేపల జాతకం చూస్తారు. మధ్యలో ఇంకో పూస బిగించమంటే మాత్రం చేయి రాదు.

బెండు ఆకారం సంగతీ ఇక్కడే చెప్పాలి. గుండ్రటి బెండు సగం మునిగి ఉన్నప్పుడు ఇంకో సెంటీమీటరు దిగాలంటే దాదాపు నాలుగు గ్రాముల బరువు కావాలి, దాని నడుము అంత లావు కాబట్టి. ఆరు మిల్లీమీటర్ల మందమున్న పెన్సిల్ బెండుకు అదే సెంటీమీటరు దిగడానికి మూడోవంతు గ్రాము కూడా అక్కర్లేదు. కవి ‘బెండు’ అని ఊరుకున్నాడు. సన్నని బెండు అని వ్యాఖ్యాత పూరిస్తున్నాడు. ఇంగ్లీషువాళ్ల సన్నబెండుల మీద ‘4 బీబీ’, ‘3 ఏఏఏ’ అని రాసి ఉంటుంది. బీబీ పూస 0.4 గ్రాములు, ఏఏఏ పూస 0.8 గ్రాములు. నాలుగు బీబీలు మోసే బెండుకు అర్ధణా జిగ్గు కడితే ఇంకో రెండు బీబీలదాకా గుళికల బాకీ ఉన్నట్టే.

గుళికకు ఇంకో రెండు ఉద్యోగాలున్నాయి. అర్ధణా జిగ్గు ఒంటరిగా దారాన్ని లాక్కుంటూ దూరం పోలేదు, విసిరితే కాళ్లముందే పడుతుంది. గుళిక తోడైతే గట్టుకు దూరంగా, మునిగిన చెట్టుకొమ్మల పక్కకు చేరుతుంది. రెండోది, దారం తన లోపలినుంచి జారే రకం బెండు వాడినప్పుడు, పైన కట్టిన ఆపుముడి బెండును తాకేదాకా దారం కిందికి జారాలి. అయితే ఒంటరి జిగ్గుకు ఆ దారాన్ని గుంజే శక్తి లేదు, గుళికే గుంజాలి. ఎనిమిదడుగుల లోతులో ఉండాల్సిన జిగ్గు రెండడుగుల దగ్గర చిక్కుకుని ఊగుతుంటే, పైన కూర్చున్నవాడు ఎనిమిదడుగుల లోతులో చేపలు లేవని తీర్మానిస్తాడు.

‘నడుమ’. ఎంత నడుమ? గుళికను జిగ్గుకు మరీ దగ్గర బిగిస్తే జిగ్గు దానికి కట్టేసిన దూడలా ఉంటుంది, కులుకు పోతుంది. మరీ పైన బెండుకు ఆనించి బిగిస్తే విసిరినప్పుడు జిగ్గు వెనక్కి తిరిగి దారానికి చుట్టుకుంటుంది. జానెడుకు తక్కువ కాకుండా, మూరెడుకు ఎక్కువ కాకుండా అని అనుభవజ్ఞుల మాట. చేపలు చురుగ్గా ఉంటే జానెడు, మొండికేస్తే మూరెడు. పైన చెప్పిన 1496 నాటి గ్రంథం కూడా ముల్లుకు అడుగు, ఆపైన దూరమే చెప్పింది.

‘దిగువ’. గుళికకు దిగువ అనే అర్థం, చేపకు దిగువ అని కాదు. ఇది తప్పుగా అన్వయించుకుని నష్టపోయినవారు చాలామంది. క్రాపీ చూపు పైకి. తనకు కొంచెం ఎగువన కదిలేదాన్ని వచ్చి అందుకుంటుంది గానీ, కిందికి దిగి వెతకడం దాని స్వభావం కాదు. చేపలు ఆరడుగుల లోతులో ఉంటే జిగ్గు అయిదడుగుల దగ్గర ఉండాలి. ఏడడుగుల దగ్గర ఉన్న జిగ్గు బురదకు అలంకారం. అసలు బెండు అవసరమే ఇక్కడుంది. వట్టి జిగ్గు విసిరితే చేపల మట్టం దాటి దిగిపోతుంది. బెండు దాన్ని ఆ మట్టంలోనే పట్టి ఉంచుతుంది, ఎంతసేపైనా.

‘కులుకుచుండ’. నీటిమీద చిన్న అల వస్తే బెండు ఊగుతుంది, బెండు ఊగితే జిగ్గు లేచి పడుతుంది, ఈక విచ్చుకుని ముడుచుకుంటుంది. గాలి లేని రోజున కర్రకొనను కొద్దిగా కదిపి ఆగాలి. ఆగడమే ముఖ్యం. జిగ్గు చిన్నచేపలా అడ్డంగా వేలాడాలి. ముడి ముల్లు కన్నం మీద ముందుకు జరిగితే జిగ్గు తోక వేలాడేసి నిలువుగా ఉంటుంది. చేప పట్టినా, గడ్డి పట్టినా ముడి జరుగుతుంది కాబట్టి ప్రతిసారీ వేలితో సర్దాలి.

‘ఎత్తు’. ‘లాగు’ అనలేదు, గమనించాలి. క్రాపీ పెదవుల దగ్గరి చర్మం పలచన. అమెరికా గాలగాళ్లు దీన్ని ‘పేపర్‌మౌత్’ అంటారు. దూడను గుంజినట్టు గుంజితే ముల్లు చినిగి బయటికొస్తుంది, చేప పోతుంది, చెరువు నవ్వుతుంది.

శంకలు

‘మునిగెనేని’ అన్నారు. మునగకుండా బెండు పైకి లేస్తేనో? పక్కకు వాలితేనో? ఎదురుగాలికి నడిస్తేనో? కవి ఇవన్నీ మరిచాడా అని శంక. మరవలేదు. మునగడం ఇక్కడ ఉపలక్షణం. పెరుగును కాకులనుంచి కాపాడమంటే కుక్కకు వదిలిపెట్టమని అర్థం కాదు గదా. చేప జిగ్గును అందుకుని పైకి లేచిందనుకోండి, గుళిక బరువు కూడా చేపే మోస్తుంది, బెండుకు భారం తగ్గి అది లేచి పక్కకు పడుకుంటుంది. అప్పుడూ ఎత్తాల్సిందే. ఈ లేచే కాటు గుళిక సరిగ్గా వేసినవాడికే కనబడుతుంది. గుళిక లేని బెండు ముందే పైన తేలుతుంటుంది, ఇంకా పైకి ఎక్కడికి లేస్తుంది?

రెండో శంక మనవాళ్లదే. భీమవరం నుంచి డాలస్‌లో ఉన్న కొడుకు దగ్గరికి వచ్చిన పెద్దాయన చెరువుగట్టున కూర్చుని అడిగాడనుకోండి.

‘‘ఏరా, మేం జీలుగుబెండు కట్టి, వానపామును గుచ్చి వేసేవాళ్లం. చేప తింటే మునిగేది. దీనికి ఈ పూసల తంతేంట్రా?’’

‘‘వానపామైతే చేప మింగుతుంది నాన్నా. ఇది ఈక. నోట్లో పెట్టుకోగానే తిండి కాదని దానికి తెలిసిపోతుంది. ఉమ్మేసేలోపు మనకు తెలియాలి.’’

‘‘అయితే ఈకెందుకు? వానపామే పెట్టు.’’

ఇక్కడ సిద్ధాంతి నోట మాట రాలేదు. వ్యాఖ్యాత అతని తరఫున చెప్పేదేమంటే, ఈకకు ఎర మార్చే పని లేదు, చేపలు గుంపుగా ఉన్నప్పుడు వెంటవెంటనే వేయవచ్చు, చిన్నాచితకా చేపలు గిల్లుకుపోవు. అంతకుమించి గట్టి సమాధానం లేదు. పెద్దాయన పక్షమూ బలమైనదే. సజీవమైన ఎర ఇప్పటికీ క్రాపీకి ఇష్టమే, చిన్నచేపను ముల్లుకు గుచ్చి వేసేవారు అమెరికాలో కోకొల్లలు.

పాఠాంతరం

మూడో పాదం చివర ‘నోర్చు’ అని ఆగి, నాలుగో పాదాన్ని ‘కొనుము మీనము’ అని విడదీసే సంప్రదాయం ఒకటుంది. అప్పుడు అర్థం: మునగకపోతే ఓర్చు, ఆపై అంగడికి పోయి చేప కొనుక్కో. ఈ అన్వయాన్ని గృహిణులు బలపరుస్తున్నారు. సాయంత్రం ఏడు గంటలకు ఖాళీ ఐస్‌పెట్టెతో ఇంటికి చేరినవారికి ఇది ఉపకారకమే అయినా, ‘ఒకటె గురువు నీకు’ అన్నది అతకకుండా మిగిలిపోతుంది. ఒకటే గురువు అంటే చేపలంగడివాడు అని చెప్పుకోవలసి వస్తుంది. మూలకర్తకు ఇది సమ్మతం కాదు. వ్యాఖ్యాతకు మాత్రం కొంత సమ్మతం.

దోషవిచారం

‘సీస’ అనడంలో పెద్ద దోషమే ఉంది. బ్రిటన్‌లో హంసలు నీటి అడుగున గులకరాళ్లతోపాటు గాలగాళ్లు పారేసుకున్న సీసపుపూసలు కూడా మింగి చచ్చిపోతుంటే, 1987 నుంచి 0.06 గ్రాముల పైనుంచి 28.35 గ్రాముల దాకా సీసపు బరువుల అమ్మకాన్ని ఆపేశారు. అంతకన్నా చిన్న ఆవగింజ పూసలు మాత్రం తప్పించుకున్నాయి. అమెరికా ఈశాన్య రాష్ట్రాల సరస్సులలో లూన్ అనే నీటిపక్షికీ ఇదే చావు. న్యూహాంప్‌షైర్ వంటి చోట్ల చిన్న సీసపు బరువులూ సీసపు జిగ్గులూ నిషిద్ధం. పూసను పళ్లతో కొరికి బిగించే పెద్దమనుషులు హంసలకన్నా ఎక్కువ తెలివైనవారేమీ కారు.

అయితే ‘తగరగుళిక’ అని దిద్దకూడదా? దిద్దితే మొదటి పాదం చివర ‘డుమతగర’ అని అయిదు లఘువులు వరసగా పడతాయి. అది ఏ ఇంద్రగణమూ కాదు. తగరం వేస్తే గణం చెడుతుంది, సీసం వేస్తే చెరువు చెడుతుంది. కవి గణాన్ని కాపాడుకున్నాడు. పాఠకులు పద్యంలో సీసమని చదువుకుని, దారానికి తగరం వేసుకోవాలి. సీసం సాంద్రత 11.3, తగరానిది 7.3. కాబట్టి అదే బరువుకు పూస ఘనపరిమాణం ఒకటిన్నర రెట్లు ఉంటుంది, అంతే.

ఛందోవిశేషం ఒకటి. సీసం కింద ఆటవెలదో తేటగీతో రావడం నియమం. ఈ పద్యంలో ఆటవెలది లోపలే సీసం వచ్చింది, దాని కింద జిగ్గు వచ్చింది. ఇది అపూర్వం.

నాయకనిర్ణయం

ఈ పద్యానికి నాయకుడు చేప అని కొందరు, ‘మీన మొకటె గురువు’ అన్నారు గనక. చేప చివరి పాదంలో గాని రాలేదు, వచ్చినా ఏ పనీ చేయలేదు. జిగ్గు అందగత్తె, కులుకుతుంది, నాయిక అనవచ్చు. అందరి చూపూ బెండు మీదే ఉంటుంది, దాన్నే నాయకుడనుకునేవాళ్లు ఎక్కువ. కానీ విసిరినప్పుడు దూరం పోవడానికీ, జిగ్గు తన మట్టానికి చేరడానికీ, బెండు చేపకు లొంగడానికీ కారణమైనది గుళిక. దాన్ని తీసేస్తే మిగతా ఇద్దరూ ఉండీ లేనట్టే. దుకాణంలో జిగ్గుల గోడ రంగురంగులుగా ఉంటుంది, బెండుల గోడ అంతకన్నా. గుళికల డబ్బీ మాత్రం కౌంటరు కింద ఎక్కడో ఉంటుంది. అందువల్ల గుళికే నాయకుడని ఈ వ్యాఖ్యాత తీర్పు.

ఈ తీర్పు ఎక్కడైనా చెల్లుతుందా అంటే, 1811–12 భూకంపాలకు నేల కుంగి ఏర్పడిన టెన్నెసీలోని రీల్‌ఫుట్ సరస్సులో, నీట మునిగిన చెట్ల మధ్య చెల్లుతుంది. 1957లో 5 పౌండ్ల 3 ఔన్సుల తెల్లక్రాపీ పడి ప్రపంచ రికార్డుగా నిలిచిన మిసిసిపీ ఈనిడ్ జలాశయంలోనూ చెల్లుతుంది. గోదావరి కాలువగట్టున, జీలుగుబెండు కిందా చెల్లుతుంది. నీళ్లు పైకి తోసే ధర్మం ఊరినిబట్టి మారదు.

తాత్పర్యం

సన్నని బెండు నీటిమీద నిలబడగా, మధ్యలో తగినన్ని పూసలు బిగించి, కింద చిన్న జిగ్గును చేపలకు కొంచెం ఎగువన ఆడించు. బెండు తన తీరు మార్చుకుంటే నెమ్మదిగా ఎత్తు. మార్చుకోకపోతే ఓర్చుకో. ఎంత బరువు చాలునో చేపే చెబుతుంది.

ఫలశ్రుతి

ఈ వ్యాఖ్య చదివినవారికి చేపలు పడతాయని పూచీ లేదు. టెక్సాస్‌లో 17 ఏళ్లు నిండినవారు లైసెన్సు తీసుకోవాలి. స్టేట్ పార్కు గట్టుమీద నుంచి పట్టేవారికి మాత్రం ఆ అవసరం లేదు, ఊరినుంచి వచ్చిన నాన్నగారిని అక్కడికే తీసుకెళ్లండి. టెక్సాస్‌లో చాలా చెరువుల్లో క్రాపీ 10 అంగుళాలకు తక్కువుంటే వదిలేయాలి, రోజుకు 25 దాటకూడదు. చెరువుకు బయల్దేరే ముందు ఒక బకెట్టు నిండా నీళ్లు పట్టి, బెండుకు జానెడు దారంతో జిగ్గు కట్టి అందులో వదలండి. బెండుకొస వేలిగోరంత మాత్రమే పైకి కనబడేదాకా ఒక్కొక్క పూసా బిగించండి. ఎన్ని పట్టాయో లెక్క రాసుకుని బెండు డబ్బాలో పెట్టుకోండి.